సస్యారోగ్య తనిఖీ : వృత్తి – ధర్మము

వ్యవసాయమును గురించి మాట్లాడవలసి వచ్చినపుడు మనము సాధారణముగా నాలుగు విషయములు తలచుకొంటాము: విత్తనము, నీరు, ఎరువు, ధర. ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములలో నలుగురు రైతులు ఒకచోట కూర్చుంటే జరిగే సంభాషణ కూడ చాలవరకు ఈ నాలుగింటి చుట్టే తిరుగుతుంది. కాని ఈ నాలుగును చక్కగా సమకూరిన పొలము కూడ పది పదిహేను దినములలో ఎండి గడ్డి కావచ్చును. సుడిదోమ పట్టిన వరిచేనును చూచినవారికి ఈ మాట వివరించనక్కరలేదు. కనుక ఐదవ విషయము ఒకటి ఉన్నది. అది పైరు ఆరోగ్యము. పురుగులు, తెగుళ్ళ వలన ప్రపంచములో ఏటా 40 శాతము వరకు పంట నష్టమవుతున్నదని ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థ అంచనా. ఈ సంగతిని లోకమునకు గుర్తుచేయుటకే 2020వ సంవత్సరమును అంతర్జాతీయ సస్యారోగ్య సంవత్సరముగా ప్రకటించినారు.

మనుష్యునికి జబ్బు చేస్తే వైద్యుడున్నాడు. పశువుకు పశువైద్యుడున్నాడు. పైరుకు ఉన్నవాడు ప్రభుత్వ వ్యవసాయ శాఖలోని తనిఖీ అధికారి. మన రాష్ట్రములో ఈ పని ఒక్కరిది కాదు. మండల వ్యవసాయాధికారి, ఉద్యానాధికారి, గ్రామ వ్యవసాయ సహాయకులు, ఓడరేవులోని క్వారంటైను అధికారి తలా కొంత ఈ భారమును మోస్తున్నారు. ఆ ఉద్యోగ స్వరూపమును, దాని చరిత్రను, అందులో దాగియున్న ఒక ధర్మసంకటమును మా విద్యార్థులకు పరిచయము చేయుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము. మేము భాషను బోధించువారమే గాని వ్యవసాయ శాస్త్రజ్ఞులము కాము. కనుక మాటతోనే మొదలు పెడతాము.

మూడు మాటలు

తెలుగు, ఉర్దూ భాషలు రెండును ఒకే కప్పు క్రింద చదువుకొనే మన కళాశాలలో ‘తనిఖీ’ అను మాటను గురించి చెప్పుట సముచితము. ఇది ఉర్దూ ద్వారా తెలుగులో ప్రవేశించిన అరబీ పదము. అరబీలో ‘తన్‌ఖీహ్’ అనగా కర్రకు గల ముడులను చెక్కి నునుపు చేయుట, చెట్టు మ్రానుకు అంటియున్న మట్టల మొదళ్ళను తొలగించి శుభ్రపరచుట అని అర్థము. ఆ పిదప వ్రాతను సవరించుటకును, లెక్కలను పరిశీలించుటకును ఆ మాట వాడుకలోనికి వచ్చినది. అనగా తనిఖీకి మొదటి అర్థము తప్పు పట్టుట కాదు, మ్రానును బాగుచేయుట.

రెండవ మాట ‘రైతు’. ఇదియు అరబీ ‘రయ్యత్’ నుండి వచ్చినదే. కాపరి సంరక్షణలో ఉన్న మంద అని దాని మూలార్థము. తరువాత ప్రజలు, సేద్యగాండ్రు అను అర్థములు వచ్చినవి. తనిఖీ చేయువాడు రైతును శంకింపవలసినవాడు కాడు, కనిపెట్టి ఉండవలసినవాడని ఈ రెండు మాటలను కలిపి చదివితే తెలుస్తుంది.

మూడవది ‘క్వారంటైను’. ఇది ఇటలీ దేశపు మాట. మహమ్మారి రోజులలో వెనిసు రేవునకు వచ్చిన ఓడలను నలుబది దినములు దూరముగా నిలిపి, అందరును ఆరోగ్యముగా ఉన్నారని తేలిన పిదపనే మనుష్యులను దిగనిచ్చేవారు. నలుబది దినముల గడువును ఉర్దూవారు ‘చిల్లా’ అంటారు; మన ఆయుర్వేద వైద్యులు ‘మండలము’ అంటారు. వ్యాధి బయటపడుటకు కొంత కాలము పడుతుందనియు, అంతవరకు ఓపికతో వేచి చూడవలెననియు అన్ని దేశముల పెద్దలు గ్రహించినారు. మనుష్యుల కొరకు పుట్టిన ఆ నియమమే తరువాత మొక్కలకును వర్తించినది.

తాటిచెట్టు నేర్పిన పాఠము

సస్యారోగ్య తనిఖీ మన ప్రాంతమునకు క్రొత్త కాదు. నూరేండ్లకు పూర్వమే గోదావరి డెల్టాలో అది ఒక పెద్ద ఉద్యమము వలె నడచినది. పందొమ్మిదవ శతాబ్ది చివరి సంవత్సరముల నుండి గోదావరి ప్రాంతపు తాటిచెట్లకు ఒక వింత వ్యాధి సోకినది. చెట్టు నడినెత్తిన ఉండే లేత మొవ్వు వన్నె తగ్గి, గోధుమరంగుకు తిరిగి, కుళ్ళి కంపు కొట్టేది. పట్టి లాగితే మొవ్వు చేతికి ఊడి వచ్చేది. కొబ్బరి చెట్లకు కూడ అక్కడక్కడ ఇది సోకినది. పూసాలోని వ్యవసాయ పరిశోధన సంస్థలో శిలీంధ్ర శాస్త్రజ్ఞుడుగా ఉన్న ఎడ్విన్ జాన్ బట్లర్ ఈ వ్యాధిని పరిశీలించి, కారణమైన సూక్ష్మజీవిని 1907లో వర్ణించినాడు. 1910లో భారతదేశపు తాళజాతి చెట్ల మొవ్వు కుళ్ళును గురించి విపులమైన నివేదికను ప్రచురించినాడు. ఆ సూక్ష్మజీవిని ఈనాడు ఫైటోఫ్తొరా పాల్మివోరా అంటున్నాము. గ్రీకు భాషలో ఫైటోఫ్తొరా అనగా మొక్కలను నాశనము చేయునది. 1845 నుండి ఐర్లండులో బంగాళాదుంప పంటను కుళ్ళబెట్టి, సుమారు పది లక్షల మంది మరణమునకు దారితీసినది కూడ ఈ కుటుంబమునకు చెందిన మరియొక సూక్ష్మజీవియే.

ఆనాడు దీనికి మందు లేదు. ఒక్కటే మార్గము: వ్యాధి సోకిన చెట్టు తలను నరికి కాల్చివేయుట. ప్రభుత్వ ఉద్యోగులు గ్రామము వెంట గ్రామము తిరిగి, తోటలు గాలించి, జబ్బు చెట్లను గుర్తించి తలలు కొట్టించినారు. మద్రాసు ప్రభుత్వ శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు విలియం మెక్రే దక్షిణ భారతములో జరిగిన ఈ కార్యక్రమ చరిత్రను 1923లో ప్రత్యేక గ్రంథముగా వెలువరించినాడు.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయమును గమనించవలెను. తాటిచెట్టుకు మొవ్వు చచ్చిన తరువాత కూడ క్రింది మట్టలు చాల కాలము పచ్చగానే ఉంటాయి. మ్రాను నిటారుగా నిలిచియే ఉంటుంది. నేలపై నిలిచి చూచినవానికి అది బ్రతికి ఉన్న చెట్టే. ఆ చెట్టు కల్లు ఇచ్చినది, బెల్లము ఇచ్చినది, ఇంటికి కప్పు ఇచ్చినది, దూలము ఇచ్చినది. దానిని కొట్టివేయవలెనని ఒక సర్కారు ఉద్యోగి వచ్చి చెబితే బీదవాడు ఎట్లు ఒప్పుకొంటాడు? చెట్టు ఎక్కి మొవ్వు దించి, చీల్చి చూపితే గాని అతనికి నమ్మకము కలుగదు. ఈ వృత్తిలోని అసలైన కష్టము శాస్త్రములో లేదు, ఈ నమ్మకము కలిగించుటలోనే ఉన్నది. మొవ్వు కుళ్ళు ఈనాటికిని పూర్తిగా పోలేదు. వర్షాకాలములో కొబ్బరి తోటలలో కనిపిస్తూనే ఉన్నది. అయితే ఇప్పుడు తొలి దశలో గుర్తిస్తే, కుళ్ళిన భాగమును శుభ్రముగా కోసివేసి బోర్డో పేస్టు పూసి చెట్టును దక్కించుకొనవచ్చును.

ఆ బోర్డో మందు పుట్టుక కూడ ముచ్చటైనదే. ఫ్రాన్సు దేశమున బోర్డో ప్రాంతములో బాటసారులు ద్రాక్షపండ్లు కోసుకొని తినకుండ రైతులు దారి ప్రక్క తీగలపై మైలుతుత్తము, సున్నము కలిపి చల్లేవారు. ఆ తీగలకు బూజు తెగులు సోకకపోవుటను మిల్లార్డె అను వృక్ష శాస్త్రజ్ఞుడు గమనించి, 1885లో ఆ మిశ్రమమును మందుగా లోకమునకు తెలిపినాడు. కిలో మైలుతుత్తము, కిలో సున్నము, వంద లీటర్ల నీరు కలిపితే ఒక శాతము బోర్డో మిశ్రమము సిద్ధమవుతుంది. లోహపు పాత్రలో కలుపరాదు. మెరుగు పెట్టిన కత్తిని అందులో ముంచి తీసినపుడు దానిపై ఎర్రని పూత కనబడితే సున్నము చాలలేదని గుర్తు.

చట్టము ఇచ్చిన అధికారము

తనిఖీ అధికారి ఒకరి పొలములో అడుగు పెట్టవలెనంటే చట్టము కావలెను. విదేశముల నుండి పురుగులు, తెగుళ్ళు రాకుండ నిరోధించుటకు 1914లో వినాశకర కీటకముల, తెగుళ్ళ చట్టమును మన దేశములో చేసినారు. దిగుమతి అయ్యే మొక్కలు, విత్తనములు, గింజలు, కొయ్య పెట్టెలు మొదలైనవానిని పరీక్షించుటకు నేటి కాలమునకు తగిన నియమావళిని 2003లో ఆ చట్టము క్రిందనే జారీ చేసినారు. కాకినాడ రేవు నుండి మన బియ్యము ఓడ ఎక్కవలెనన్నను సస్యారోగ్య ధ్రువపత్రము ఉండవలెను. కాప్రా పెంకుపురుగు వంటిది ఒక్కటి బస్తాలలో కనిపించినను దిగుమతి చేసుకొనే దేశము సరకును త్రిప్పి పంపవచ్చును. మిల్లరు చేసిన చిన్న అశ్రద్ధ రైతు ధరపై దెబ్బ తీయుటకు ఇది చాలును.

దేశము లోపల రైతు పొలమునకు సంబంధించినది 1919 నాటి మద్రాసు వ్యవసాయ తెగుళ్ళ చట్టము. మన దేశములో ఇటువంటి చట్టములలో మొట్టమొదటివానిలో ఇది ఒకటి. ఆంధ్ర రాష్ట్రము ఏర్పడిన తరువాత కూడ ఇది ఆంధ్ర ప్రాంతమునకు వర్తిస్తూ వచ్చినది. ఏ పురుగునైనను, తెగులునైనను, కలుపు మొక్కనైనను ప్రభుత్వము ఒక ప్రాంతమున ప్రమాదకరమని ప్రకటించిన మీదట తనిఖీ అధికారి పొలములో ప్రవేశించి చూడవచ్చును. నివారణ చర్యలు తీసుకొమ్మని సాగుదారునకు నోటీసు ఇవ్వవచ్చును. సాగుదారు చేయకపోతే తానే చేయించి, ఖర్చును భూమిశిస్తు బకాయి వలె రాబట్టవచ్చును. అధికారము చిన్నది కాదు. అయితే ఈ అధికారముతో వ్యాధిని తొలగించవచ్చును గాని, రైతు దాచిన వ్యాధిని కనుగొనుట కష్టము. వేల ఎకరములు గల మండలమున ఒకరిద్దరు అధికారులు ప్రతి దుబ్బునూ చూడలేరు. రైతు స్వయముగా వచ్చి, ‘అయ్యా, నా చేనులో ఏదో తేడాగా ఉన్నది, ఒకసారి వచ్చి చూడండి’ అని చెప్పిననాడే ఈ చట్టమునకు కన్నులు వస్తాయి.

పొలములో చూపు

పైరును పరీక్షించుట ఎట్లు? గట్టుపై నిలిచి చూస్తే చాలదు. చేనులో మూల నుండి మూలకు నడచి, కనీసము నాలుగైదు చోట్ల ఆగి, దుబ్బులను విడదీసి మొదళ్ళలో చూడవలెను. సుడిదోమ నీటి మట్టమునకు కొంచెము పైన, దుబ్బు మొదట చేరి రసము పీలుస్తుంది. పై ఆకులు పచ్చగా ఉండగానే క్రింద వందలుగా పెరుగుతుంది. చివరకు చేను అక్కడక్కడ గుండ్రముగా, సుడి తిరిగినట్లు ఎండిపోతుంది. పిలకల దశలో దుబ్బుకు 10 నుండి 15 వరకు, అంకురము దశలో 20 నుండి 25 వరకు దోమలుంటే మందు అవసరమని శాస్త్రజ్ఞులు చెబుతారు. అంతకు తక్కువ ఉంటే అవసరము లేదు. కనుక లెక్క పెట్టుటయే మొదటి చికిత్స. నాటునపుడు ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయుట, యూరియా అతిగా వేయకుండుట, పొలమును ఆరబెట్టుట మొదలైనవి రెండవ చికిత్స. మందు ఆ తరువాతిది. 1925 నుండి వరిపై పరిశోధన చేస్తున్న మార్టేరు కేంద్రము దోమను తట్టుకొనే రకములను రూపొందించి ఇచ్చినది. అదే కేంద్రము 1982లో విడుదల చేసిన స్వర్ణ రకము తెలుగువారి అన్నపు కంచములో ఎంత స్థానము సంపాదించినదో చెప్పనక్కరలేదు.

అనవసరముగా చల్లిన మందు పైరుకు మేలు చేయకపోగా కీడు చేస్తుంది. దోమను తినే సాలీళ్ళు, మిరిడ్ నల్లులు ముందుగా చచ్చిపోయి, దోమ మరింత విజృంభిస్తుంది. సింథటిక్ పైరిత్రాయిడు మందులు చల్లిన పొలములలో ఇది తరచుగా కనబడినది. ఇండొనేషియా దేశము ఈ పాఠమును ఎంతో నష్టపడి నేర్చుకొని, 1986లో వరిపై 57 రకముల పురుగుమందుల వాడకమును నిషేధించినది.

పసుపు రంగుకు తిరిగిన ప్రతి ఆకు తెగులు కాదు. 1966లో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు వై. ఎల్. నెనే ‘ఖైరా’ అని ఉత్తరాది రైతులు పిలిచే వరి జబ్బుకు కారణము సూక్ష్మజీవి కాదనియు, నేలలో జింకు లోపమనియు తేల్చినాడు. లీటరు నీటికి రెండు గ్రాముల జింకు సల్ఫేటు కలిపి చల్లితే తీరే బాధకు ఖరీదైన తెగులు మందులు చల్లినవారు ఎందరో! కొల్లేటి అంచు పొలములలో చవుడు వలన కూడ ఆకు కొనలు మాడుతాయి. తెగులైతే ఒకచోట మొదలై వ్యాపిస్తుంది. నేల దోషమైతే పల్లము, మెరక ననుసరించి కనబడుతుంది. ఈ తేడాను కనిపెట్టి, ‘ఇది తెగులు కాదు, మందు కొనవద్దు’ అని చెప్పగల అధికారి ఆ రైతునకు ఆ సార్వాకు ఒక అప్పు తప్పించినవాడవుతాడు.

మందు కూడ తనిఖీకి లోబడినదే

1958లో కేరళలో ఒక విషాదము జరిగినది. ఒకే ఓడలో పారాథియాన్ అను పురుగుమందుతో పాటు తెచ్చిన ఆహార పదార్థములలో విషము కలిసి, నూరు మందికి పైగా మరణించినారు. ఆ సంఘటనపై జరిగిన విచారణ ఫలితముగా 1968లో పురుగుమందుల చట్టము వచ్చినది. 1971 నుండి అది అమలులోనికి వచ్చినది. మన మండల వ్యవసాయాధికారులే ఈ చట్టము క్రింద ఇన్‌స్పెక్టర్లు. దుకాణములోని నిల్వలను, రిజిస్టర్లను చూచుట, అనుమానము కలిగినపుడు 30 రోజులకు మించకుండ అమ్మకమును నిలుపుట, నమూనాలు తీయుట వారి విధులు. తీసిన నమూనాను మూడు భాగములు చేసి సీలు వేస్తారు. ఒకటి దుకాణదారునకు, ఒకటి పరీక్షాలయమునకు, ఒకటి న్యాయస్థానమునకు. ఈ మూడు భాగముల ఏర్పాటులో గొప్ప నీతి ఉన్నది. నింద మోపబడినవాని చేతిలో కూడ సాక్ష్యము ఉంచిన తరువాతనే విచారణ జరుగవలెను. ఈ నియమమును తప్పించి, కనుసైగతో సరిపెట్టుకొనే అధికారి రైతునకును వర్తకునకును ఇద్దరికిని ద్రోహము చేసినవాడే.

మొక్కతో పాటు వచ్చే అతిథి

2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరి తోటలలో మన దేశము ఎన్నడును చూడని తెల్లదోమ ఒకటి కనబడినది. ఆకు అడుగున చుట్టలు చుట్టలుగా గ్రుడ్లు పెట్టుట వలన దీనికి సర్పిలాకార తెల్లదోమ అని పేరు. దీని పుట్టిల్లు మధ్య అమెరికా. బెలీజు దేశములో సేకరించిన పురుగుల ఆధారముగా 2004లో దీనికి నామకరణము జరిగినది. 2009లో ఇది ఫ్లోరిడాలో కనబడినది. పొల్లాచ్చిలో కనబడిన కొద్ది కాలములోనే గోదావరి జిల్లాల కొబ్బరి, ఆయిల్ పామ్ తోటలలోనికి వచ్చిపడినది. ఇది బహుదూరము ఎగురగల పురుగు కాదు. మొక్కలతో, ఆకులతో, వాహనములతో మనుష్యుడే దీనిని మోసుకొని తిరిగినాడు. దోమ విసర్జించే తేనె బంక క్రింది ఆకులపై పడి, దానిపై మసి వంటి నల్లని బూజు పెరుగుతుంది. నల్లబడిన తోటను చూచి రైతులు భయపడి మందులకై పరుగెత్తినారు.

ఇక్కడ శాస్త్రజ్ఞుల సలహా భిన్నముగా ఉన్నది. ఈ దోమను లోపలి నుండి తినే ఎన్‌కార్సియా అను అతి చిన్న కందిరీగ జాతి కీటకము దోమతో పాటే తోటలలో ఉన్నది. విషపు మందు చల్లితే ముందు చచ్చేది అదే. కనుక ఆ మిత్రకీటకమును కాపాడుకొనుట, ఐసేరియా అను మేలు చేసే శిలీంధ్రమును పిచికారీ చేయుట, నీటిని జోరుగా కొట్టి దోమను కడిగివేయుట ఉత్తమమని బెంగుళూరు, అంబాజీపేట, పెదవేగి పరిశోధన కేంద్రముల వారు సూచించినారు. చేతిలో మందు డబ్బా ఉన్న రైతును ఆగుమని చెప్పుట తనిఖీ అధికారికి సులభము కాదు. చేయవలసిన పని చెప్పుట కంటె, చేయరాని పని మాన్పించుటకే ఎక్కువ పలుకుబడి కావలెను.

పరదేశి అయిన ప్రతి ప్రాణిని వెళ్ళగొట్టవలెనని దీని అర్థము కాదు. ఆయిల్ పామ్ పూలకు పరాగ సంపర్కము చేసే చిన్న ముక్కుపురుగును ఆఫ్రికాలోని కామెరూన్ నుండి 1981లో మలేషియాకును, అటు తరువాత 1985లో మన దేశమునకును శాస్త్రజ్ఞులే పరీక్షించి తెచ్చినారు. అంతకు ముందు కూలీలు చెట్టు చెట్టుకు తిరిగి పుప్పొడి చల్లవలసి వచ్చేది. తలుపు మూసివేయుట తనిఖీ కాదు. తలుపు దగ్గర నిలిచి, వచ్చినది ఎవరో విచారించి లోనికి పంపుటయే తనిఖీ. ఉద్యాన నర్సరీలు రిజిస్టరు కావలెనని 2010లో మన రాష్ట్రము చేసిన చట్టము ఉద్దేశ్యము కూడ ఇదే. తోట వేయదలచినవాడు రోడ్డు ప్రక్క చౌకగా దొరికిన మొక్కను గాక, తనిఖీ అయిన నర్సరీ మొక్కనే కొనవలెను.

కొల్లేటికోట వద్ద ఒక ప్రశ్న

తలుపు దగ్గర విచారణ జరగకపోతే ఏమగునో చూడదలచినవారు కొల్లేటికోటకు వెళ్ళవలెను. ఫాల్గుణ మాసములో పెద్దింట్లమ్మ జాతరకు వేలాది జనులు వచ్చే ఈ లంక గ్రామము చుట్టును కొల్లేటి నీటిపై గుర్రపు డెక్క ఏలూరు తివాచీ పరచినట్లు వ్యాపిస్తుంది. లేత ఊదారంగు పూలతో కంటికి ఇంపుగా ఉంటుంది. దక్షిణ అమెరికాలో పుట్టిన ఈ మొక్కను పందొమ్మిదవ శతాబ్ది చివర పూల అందమునకు ముచ్చటపడి వంగదేశమునకు తెచ్చినారు. ఆనాటికి మన దేశములో దానిని ఆపే చట్టము లేదు. అనుకూలమైన నీటిలో రెండు వారములలో రెట్టింపు కాగల ఈ మొక్క దేశములోని చెరువులు, కాలువలు అన్నింటిని ఆక్రమించినది. పడవకు దారి ఉండదు, వలకు చోటుండదు, నీటి అడుగున చేపకు గాలి ఉండదు. 1980ల దశాబ్దిలో దీనిని తినే ముక్కుపురుగులను విదేశముల నుండి తెచ్చి మన దేశములో వదలినారు. కొన్ని చోట్ల మంచి ఫలితము వచ్చినది గాని మొక్క మాత్రము పోలేదు.

ఇక ప్రశ్న. 1919 చట్టము ప్రకారము కలుపు మొక్కను తొలగించమని సాగుదారునకు నోటీసు ఇవ్వవచ్చును. కొల్లేటికి సాగుదారు ఎవరు? బుడమేరు, తమ్మిలేరు, మరెన్నో డ్రెయిన్లు ఈ సరస్సులో కలుస్తాయి. ఉప్పుటేరు ఒక్కటే దీనిని సముద్రములోనికి చేరుస్తుంది. ఎగువ పొలములలో మిగిలిన ఎరువు, పట్టణముల మురుగు, చేపల చెరువుల నీరు కొల్లేటికే వస్తాయి. ఆ బలమైన నీటిలోనే గుర్రపు డెక్క పెరుగుతుంది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రామ్‌సర్ జాబితాకు ఎక్కి, 2006లో అక్రమ చెరువుల గట్లు తెగగొట్టుట చూచిన ఈ సరస్సు ఏ ఒక్కరిదియు కాదు. అందరును కారణమైన చోట నోటీసు అందుకొనే చేయి ఉండదు.

పొరుగువాని చెట్టు

ఈ వ్యాసము మొదట చెప్పిన ధర్మసంకటము ఇదే. నా చెట్టుకు వచ్చిన వ్యాధి నాది ఒక్కడిదే కాదు. రేపు అది నా పొరుగువానిది. నా చెట్టును కొట్టివేస్తే నష్టము నాకు ఈ రోజే కలుగుతుంది, కంటికి కనబడుతుంది. లాభము కలిగేది రేపు, పొరుగువానికి. అదియు కంటికి కనబడదు. రాని జబ్బును ఎవరును చూడరు గదా! కనుక రైతు తన తోటలోని జబ్బును దాచిపెడితే అతనిని స్వార్థపరుడని దూషించుట తేలిక. మన డెల్టాలో సేద్యము చేసేవారిలో కౌలుదారులు ఎందరో ఉన్నారు. కౌలు ఎటులైనను చెల్లించవలసినవాడు తెగులు మాట బయటపెట్టుటకు వెనుకాడితే అందులో ఆశ్చర్యము లేదు.

అందువలన తనిఖీ అధికారి నుండి సమాజము కోరవలసినవి మూడు ఉన్నవని మా అభిప్రాయము. మొదటిది, చూపి చెప్పుట. మొవ్వు చీల్చి, దుబ్బు విడదీసి, రైతు తన కన్నులతో చూచిన తరువాతనే నోటీసు వ్రాయవలెను. రెండవది, సమదృష్టి. మోతుబరి తోటను వదలి బీదవాని పెరటిలోని నాలుగు చెట్లను కొట్టించిన ఊరిలో మరునాటి నుండి ఎవరును నిజము చెప్పరు. మూడవది, నిజమును తగ్గించకుండ, పెంచకుండ చెప్పుట. దక్కని చెట్టు దక్కుతుందని ఊరడించరాదు. దక్కే చెట్టును పోయినదని భయపెట్టరాదు.

సమాజము చేయవలసినది కూడ ఒకటి ఉన్నది. అందరి తోటల కొరకు ఒకడు తన చెట్టును వదలుకొన్నపుడు ఆ నష్టములో అందరును కొంత పంచుకొనవలెను. అది దానము కాదు, బాకీ. ఆ బాకీ తీర్చే ఊరిలో జబ్బు దాగదు.

విద్యార్థి మిత్రులకు

ఇంటర్మీడియెట్‌లో జీవశాస్త్రము చదువుచున్న మా విద్యార్థులలో చాలమంది వైద్య కళాశాల ఒక్కదానినే గమ్యముగా పెట్టుకొని, సీటు రానపుడు క్రుంగిపోతున్నారు. ప్రవేశ పరీక్ష ద్వారా వ్యవసాయ, ఉద్యాన పట్టములకు కూడ దారి ఉన్నది. తాడేపల్లిగూడెము చేరువనే వెంకటరామన్నగూడెములో 2007 నుండి ఉద్యాన విశ్వవిద్యాలయము ఉన్నది. ఏలూరు చేరువలో పెదవేగిలో జాతీయ స్థాయి ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉన్నది. సస్యరక్షణ అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ హైదరాబాదు రాజేంద్రనగరములో 1966 నుండి పనిచేస్తున్నది. ఇంటి ముంగిట ఉన్న ఈ అవకాశములను మన పిల్లలు, ముఖ్యముగా మన ఆడపిల్లలు, తెలుసుకొనవలెను. గ్రామములలో వ్యవసాయ సహాయకులుగా ఎందరో యువతులు ఈనాడు పొలము గట్లపై నడచి చక్కని సేవ చేస్తున్నారు.

కళాశాల కమిటీ పెద్దలకు కూడ ఒక మనవి. ఏటా ఒక దినము మండల వ్యవసాయాధికారిని పిలిపించి విద్యార్థులతో మాట్లాడించినచో, మరియొక దినము వారిని సార్వా చేనులోనికి తీసుకొని వెళ్ళి దుబ్బు విడదీసి లెక్క పెట్టుట నేర్పించినచో ఖర్చు స్వల్పము, ప్రయోజనము అధికము. తల్లిదండ్రుల ఇంటి పెరటిలో ఒక్క కొబ్బరిచెట్టు ఉన్న విద్యార్థి అయినను, సెలవులలో ఇంటికి వెళ్ళినపుడు తల ఎత్తి దాని మొవ్వు వైపు చూడవలెను. అది వాడియున్నచో దాచక, పొరుగువారికి తెలిపి, అధికారికి కబురు చేయవలెను. సస్యారోగ్య తనిఖీ అక్కడ ప్రారంభమవుతుంది.